శాలిహుండం కొండెక్కి వంశధారని చూసి రావడం ఎలా?

మన సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లాలో పాత బౌద్ధ కట్టడాలున్న కొండ శాలిహుండం పేరు చెప్తే చాలామంది "అక్కడేటుంది, ఇటుకలే కదా" అంటారు, వెళ్లినవాళ్లు కూడా పావుగంటలో నాలుగు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. చిన్న కొండే, కానీ ఏం చూడాలో తెలిసి వెళ్తే రెండు గంటలు చాలవు.

ముందు టైమ్ సంగతి. వర్షాకాలం చివర నుంచి సంక్రాంతి దాకా బాగుంటుంది, కింద వంశధార ఏట్లో నీళ్లుంటాయి, చుట్టూ వరి పచ్చగా ఉంటుంది. ఎండాకాలం వెళ్తే కింద ఇసుక మేటలే ఎక్కువ కనిపిస్తాయి, పైన ఇటుక కాలిపోతూ ఉంటుంది. అక్టోబర్, నవంబర్‌లో మనకి తుఫాన్లు మామూలే కాబట్టి బయల్దేరే ముందు వాతావరణం వార్తలు ఒకసారి చూస్కోండి. మధ్యాహ్నం మూడు దాటాక ఎక్కడం నా లెక్కలో బెస్ట్, ఏటవాలు ఎండలో ఎర్ర ఇటుక ఫోటోల్లో భలే పడుతుంది, కానీ చీకటి పడకముందే దిగిపోవాలి.

రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగాలి, అది ఉన్నది ఆమదాలవలసలో, అక్కడ్నుంచి శ్రీకాకుళం టౌన్‌కి ఆటోలు, బస్సులు ఉంటాయి. టౌన్ నుంచి గార మీదుగా కళింగపట్నం వైపు వెళ్లాలి, శాలిహుండం 20 కిలోమీటర్ల లోపే. బండి ఉంటే హాయి. బస్సు అయితే కాంప్లెక్స్‌లోనే (ఆర్టీసీ బస్టాండ్) తిరుగు బస్సు ఎన్నింటికో అడిగేసి ఎక్కండి. మంచినీళ్లు, తినడానికి ఏదైనా టౌన్‌లోనే కొనుక్కోండి, కొండ మీద హోటల్ ఉంటుందని వెళ్తే ఆకలితో దిగాల్సిందే.

ఇప్పుడు కొండ. రాళ్లు పరిచిన దారిలో మెల్లగా ఎక్కేయొచ్చు, పెద్దవాళ్లు కూడా ఆగుతూ ఎక్కుతారు, చెప్పులు మాత్రం జారనివి వేస్కోండి. 1919లో ఈ చోటుని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే, వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. (కాబట్టి ఇది వాడుక తెలుగులో రాస్తే ఎవరూ తిట్టకూడదు.) క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్దం దాకా, అంటే వెయ్యేళ్లకి పైగా, ఇక్కడ బౌద్ధం నడిచింది, బౌద్ధంలోని శాఖలు థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడింటి గుర్తులూ ఈ ఒక్క కొండ మీదే ఉన్నాయి. స్తూపం (బౌద్ధుల గుండ్రటి కట్టడం) కనపడగానే ఫోటో తీసి వెళ్లిపోకుండా పునాది చూడండి. కొన్నింటిలో బండిచక్రం ఆకుల్లా ఇటుక గోడలు మధ్య నుంచి బయటికి వస్తాయి, మధ్య ఖాళీల్లో మట్టి నింపేవారు, దానివల్ల ఇటుక తక్కువ పట్టేది, కట్టడం కూడా గట్టిగా నిలిచేది. స్వస్తిక్ ఆకారంలో ఇటుకలు పేర్చినది కూడా ఉంది, వెతకండి, పిల్లలుంటే వాళ్లకి ఆ పని అప్పజెప్పండి.

గోడల మీద ఎక్కొద్దు, ముక్క ఇటుకైనా జేబులో వేస్కోవద్దు. ఇది రక్షిత కట్టడం, పాడుచేస్తే చట్టంలో రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా ఫైన్ ఉంది.

అక్కడి మ్యూజియం తీసి ఉంటే వదలొద్దు. ఈ కొండ మీద బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలు దొరికాయి. మారీచి అంటే వేకువ దేవత, ఆమె రథాన్ని లాగేవి ఏడు పందులు. అరసవల్లి సూర్యుడికి ఏడు గుర్రాలు కదా, అందుకే పొద్దున్న అరసవల్లి, సాయంత్రం శాలిహుండం పెట్టుకోమంటాను, రెండూ ఒకే రోజు చూస్తే ఆ మజా వేరు.

చివరికి పైన కూర్చోండి. ఉత్తరంగా కింద వంశధార, నిండుగా ఉన్నప్పుడు నదిలా కాదు పెద్ద చెరువులా ఉంటుంది, తూర్పున కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఒకప్పటి రేవు అది. భిక్షువులు ఈ కొండని ఎందుకు ఎంచుకున్నారో అక్కడ కూర్చుంటే ఎవరూ చెప్పక్కర్లేదు, దగ్గర్లో రేవు, కింద నీళ్లు, చుట్టూ అన్నం పెట్టే ఊళ్లు.

టైమ్ మిగిలితే బేగి దిగి కళింగపట్నం బీచ్‌కి వెళ్లొచ్చు, లైట్‌హౌస్ కూడా ఉంది. ఏరు సముద్రంలో కలిసే చోట మాత్రం స్నానానికి దిగకండి, ఒడ్డునే కొబ్బరిబొండం తాగి వచ్చేయండి.