ఈవీ కిలోమీటరు ఖర్చు: కరెంటు మీటరుతో లెక్క

ఈవీ, అంటే ఎలక్ట్రిక్ కారు షోరూంలో "కిలోమీటరుకు రూపాయే సార్" అంటారు. నెలాఖరున కరెంటు బిల్లు చూస్తే ఆ రూపాయి ఎక్కడా దొరకదు. కారు స్క్రీన్ చూపించేది చాలావరకు బ్యాటరీ వాడిన యూనిట్లే. చార్జింగ్‌లో వేడిగా పోయేదానికీ మనమే కడతాం.

ఫుల్ చార్జ్ చేసి ట్రిప్ మీటరు సున్నా చేయండి. రెండొందల కిలోమీటర్లు తిరిగాక, మళ్లీ ప్లగ్ పెట్టేముందు ఇంటి మీటరు రీడింగ్ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఫుల్ అయ్యాక ఇంకోటి. ఆ రాత్రి ఏసీ, గీజర్ వద్దు. ఫ్రిజ్ తినేది ఒకటి అరా, వదిలేయొచ్చు. తేడాను కిలోమీటర్లతో భాగించి, మీ బిల్లులోని చివరి స్లాబు రేటుతో గుణించండి. సగటు రేటుతో కాదు, కారు యూనిట్లు వచ్చిపడేది పై స్లాబులోనే.

మా హైదరాబాద్ బిల్లు 400 యూనిట్లు దాటుతుంది, అక్కడ యూనిట్ 9.50. 240 కిలోమీటర్లకు 36 యూనిట్లనుకుంటే కిలోమీటరుకు 1.43. లీటరు 107కి పోయించి 15 మైలేజీ ఇచ్చే పెట్రోల్ కారుకైతే ఏడు పైనే.

కొనేటప్పుడు మిగిలేది వేరే. ఈవీకి జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో కొని, ఇక్కడే రిజిస్టర్ చేయిస్తే 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. పది లక్షల పెట్రోల్ కారుకు ట్యాక్సే లక్ష దాటుతుంది.

ఎక్కువగా బయటి ఫాస్ట్ చార్జర్ల మీద నడిపేవాళ్లకు ఈ లెక్క పనికిరాదు. అక్కడి రేటు వేరు, పైన 18 శాతం జీఎస్టీ. ఆ యాప్ బిల్లులే కూడుకోవాలి.