ఇంటి యజమాని ఇష్టపడకపోయినా ఇంగ్లాండులో అద్దె సాయం పొందడం ఎలా

ఇంగ్లాండులో ప్రైవేటు ఇంట్లో అద్దెకు ఉంటూ, ఉద్యోగం పోవడం వల్లనో పని గంటలు తగ్గడం వల్లనో అద్దె కట్టలేని స్థితికి వచ్చినవారు, యజమాని ఒప్పుకోడన్న ఒక్క భయంతో ప్రభుత్వ సాయానికి దరఖాస్తే చేయకుండా ఉండిపోకూడదు. ఈ సాయానికి యజమాని అనుమతి అవసరం లేదు. అద్దె విషయంలో అధికారులు చూసేవి రెండు: ఆ ఇంట్లో మీరు నిజంగా నివసిస్తున్నారా, దానికి అద్దె చెల్లించే చట్టబద్ధమైన బాధ్యత మీకుందా అన్నవి. యజమాని సంతకం కోసం ఎదురుచూడకుండా ఆ రెండింటినీ నిరూపించే కాగితాలను మీరే సిద్ధం చేసుకోవాలి.

అన్నిటికంటే ముందు మీ వీసా షరతులు చూసుకోండి. స్కిల్డ్ వర్కర్, స్టూడెంట్ వీసాల మీద ఉన్నవారు సాధారణంగా ప్రభుత్వ నిధుల సాయం తీసుకోకూడదు. యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సాయం), హౌసింగ్ బెనిఫిట్ (కౌన్సిల్ ఇచ్చే అద్దె సాయం) రెండూ ఆ నిధుల కిందికే వస్తాయి కాబట్టి, తెలియక తీసుకున్నా వీసాకు ముప్పు రావచ్చు. దంపతుల్లో ఒకరికి శాశ్వత నివాస హక్కు ఉండి మరొకరికి లేకపోతే, అర్హత గల ఇమిగ్రేషన్ సలహాదారుని అడిగాకే దరఖాస్తు చేయండి. పొదుపు, ఆస్తి కలిపి 16,000 పౌండ్లు దాటితే యూనివర్సల్ క్రెడిట్ రాదు. ఊళ్లో మీ పేరున ఉన్న స్థలం, పొలం కూడా ఈ లెక్కలోకి వస్తాయి కాబట్టి దాచకుండా చెప్పాలి. అదే ఇంట్లో మీతో కలిసి ఉండే దగ్గరి బంధువుకు అద్దె ఇస్తున్నా సాయం అందదు.

పింఛను వయసు రానివారు ఆన్‌లైన్‌లో యూనివర్సల్ క్రెడిట్‌కు దరఖాస్తు చేసి, అందులోనే ఇంటి ఖర్చుల భాగాన్ని కోరాలి. పింఛను వయసు దాటినవారు స్థానిక కౌన్సిల్‌లో హౌసింగ్ బెనిఫిట్ అడగాలి. యూనివర్సల్ క్రెడిట్‌ను వెనకటి తేదీ నుంచి ఇవ్వడం కొన్ని కారణాలకే పరిమితం, అదీ ఒక నెల వరకే కాబట్టి ఆలస్యం చేయకండి.

రాతపూర్వకమైన ఒప్పందం ఉన్నవారు దాని నకలు ఇస్తే సాధారణంగా సరిపోతుంది. చిక్కల్లా నోటిమాట మీద గది తీసుకున్నవారికే. చట్టం దృష్టిలో నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే, కానీ దానికి ఆధారాలు మీరే చూపాలి. ఇంతవరకు అద్దె నగదుగా ఇస్తుంటే వచ్చే నెల నుంచే బ్యాంకు ద్వారా పంపి, చెల్లింపు వివరంలో ఇంటి చిరునామా, నెల పేరు రాయండి. నగదే కావాలని యజమాని పట్టుబడితే, ఇచ్చిన రోజునే ఎంత ఇచ్చారో, ఏ నెలకో చెప్పి, అందినట్టు తెలియజేయమని వాట్సాప్‌లో మర్యాదగా అడగండి. ఆ జవాబే మీకు రసీదు అవుతుంది. ఆ చిరునామాకు మీ పేరున వచ్చే కౌన్సిల్ టాక్స్, కరెంటు బిల్లులు, గది తీసుకున్నప్పటి సందేశాలు కూడా జతచేయండి. యజమాని ఉత్తరం తెమ్మని అధికారులు అడిగితే, ఆయన నిరాకరించిన సంగతిని యూనివర్సల్ క్రెడిట్ జర్నల్‌లో (మీ ఆన్‌లైన్ ఖాతాలో అధికారులకు సందేశాలు రాసే చోట) స్పష్టంగా రాసి, ఉన్న ఆధారాలను చూడమని కోరండి. యజమాని పేరు, చిరునామా కూడా తెలియకపోతే 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం మొదటి సెక్షన్ కింద అద్దె వసూలు చేసే వ్యక్తిని రాతపూర్వకంగా అడగవచ్చు. సరైన కారణం లేకుండా 21 రోజుల్లో ఇవ్వకపోవడం నేరం.

యజమాని విముఖతకు కారణం అద్దె ఆదాయాన్ని పన్ను శాఖకు చూపకపోవడం కావచ్చు, ఇంటికి అప్పిచ్చిన బ్యాంకు నుంచి అద్దెకివ్వడానికి అనుమతి తీసుకోకపోవడం కావచ్చు. ఆ భారం మీది కాదు. అయితే ఒక భయం సహేతుకమైనదే: సాయం నేరుగా యజమానికి చేరినప్పుడు, అది పొరపాటున ఎక్కువ ఇచ్చినదని తేలితే ఆయన దగ్గరే రాబట్టే అవకాశం ఉంది. మామూలుగా ఆ సొమ్ము మీ ఖాతాలోకే వస్తుందని చెప్పి ఆ భయం తీర్చవచ్చు. యజమానికి ఈ సంగతి దరఖాస్తు చేశాక చెప్పడమే మేలని నా అభిప్రాయం.

వచ్చే మొత్తం మీ అద్దెకు సరిపోకపోవచ్చు. ప్రైవేటు అద్దె సాయానికి గరిష్ఠ పరిమితి అయిన లోకల్ హౌసింగ్ అలవెన్స్ రేట్లను 2024లో ఆ ప్రాంతపు అద్దెల్లో తక్కువగా ఉన్న 30 శాతాన్ని బట్టి నిర్ణయించారు. 35 ఏళ్ల లోపు ఒంటరి వ్యక్తికి, కొన్ని మినహాయింపులు తప్ప, పంచుకున్న ఇంట్లో గది రేటే వర్తిస్తుంది. తక్కువ పడినదాని కోసం కౌన్సిల్‌ను విడిగా అడగండి. మొదటి చెల్లింపుకు సుమారు అయిదు వారాలు పడుతుంది. ఈలోగా అడ్వాన్సు కోరవచ్చు గానీ అది తిరిగి తీర్చవలసిన అప్పు.

దరఖాస్తు చేశారని ఖాళీ చేయమంటే కంగారుపడి వెళ్లిపోకండి. 2025 నాటి రెంటర్స్ రైట్స్ చట్టం ప్రకారం 2026 మే 1 నుంచి కారణం చూపకుండా కొత్తగా సెక్షన్ 21 నోటీసు ఇవ్వడం కుదరదు. బకాయిల మీద తప్పనిసరిగా ఖాళీ చేయించాలంటే మూడు నెలల అద్దె బాకీ ఉండాలి. యూనివర్సల్ క్రెడిట్ ఇంకా చేతికి రానందువల్లే మిగిలిన బాకీని అందులో లెక్కించరు. మీ దరఖాస్తును తిరస్కరిస్తే, నిర్ణయం తేదీ నుంచి ఒక నెలలోపు పునఃపరిశీలన కోరండి. అక్కడా కాకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఈ పనిలో సిటిజన్స్ అడ్వైస్, షెల్టర్ అనే స్వచ్ఛంద సంస్థలు ఉచితంగా సాయపడతాయి. వారి దగ్గరకు వెళ్లేటప్పుడు నిర్ణయపు ఉత్తరాన్ని, యజమానితో జరిగిన సందేశాలన్నిటినీ వెంట తీసుకెళ్లండి.