సాంద్రత, వ్యాకోచం, ఉత్ప్లవనం లెక్కలు: ముందు ఘనపరిమాణం తేల్చండి

సాంద్రత, ఉష్ణ వ్యాకోచం, ఉత్ప్లవనం (ద్రవం వస్తువును పైకి నెట్టడం) అనే పాఠాలను విద్యార్థులు వేర్వేరు సూత్రాలుగా బట్టీపట్టి, తీరా లెక్క ఎదురైనప్పుడు ఏది వాడాలో తెలియక ఆగిపోతుంటారు. నిజానికి వీటన్నిటిలోనూ ముందుగా తేల్చవలసింది వస్తువు ఘనపరిమాణం.

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి పేరుపొందింది కనుక ఇత్తడి వస్తువుతోనే మొదలుపెడదాం. దాని ద్రవ్యరాశి 1700 గ్రాములు, ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.5 గ్రాములు అనుకుంటే, ఘనపరిమాణం 200 ఘన సెంటీమీటర్లు. దాన్ని దారంతో స్ప్రింగ్ త్రాసుకు వేలాడదీసి, పాత్ర అడుగుకు తగలకుండా, గాలి బుడగలు అంటుకోకుండా నీటిలో పూర్తిగా ముంచితే, తొలగిన నీటి భారమంతా తగ్గి త్రాసు సుమారు 1500 గ్రాములు చూపాలి. అలా కాక 1480 చూపిందంటే, తొలగిన నీరు 220 ఘన సెంటీమీటర్లు. లోహం ఆ ఇత్తడేనని లెక్కలో చెప్పి ఉంటే లోపల 20 ఘన సెంటీమీటర్ల బోలు ఉన్నట్టు. చెప్పకపోతే అది మరింత తేలికైన లోహం కూడా కావచ్చు. ఇచ్చిన వివరాలను చదవకుండా ఈ రెండింటిలో ఒకదాన్ని జవాబుగా రాయకూడదు.

వేడి చేసినప్పుడు ద్రవ్యరాశి మారదన్న సంగతిని కాగితం మీద మొదటి పంక్తిలోనే రాసుకోవాలి. ఇత్తడి దైర్ఘ్య వ్యాకోచ గుణకం (వేడికి పొడవులో పెరిగే వంతు) డిగ్రీకి 0.000019, ఘనపరిమాణానికి దాని మూడు రెట్లు, అంటే 0.000057 తీసుకోవాలి. ఈ మూడు రెట్లను మరచిపోవడం వల్ల పోయే మార్కులే ఎక్కువ. నీటినీ వస్తువునూ 20 నుంచి 40 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తే మన ఇత్తడి 200 నుంచి 200.23 ఘన సెంటీమీటర్లకు పెరుగుతుంది. ఉత్ప్లవన బలం కూడా పెరుగుతుందని తొందరపడవద్దు. నీటి సాంద్రత 0.9982 నుంచి 0.9922కు పడిపోతుంది కాబట్టి, తొలగిన నీరు 199.6 గ్రాముల నుంచి 198.7 గ్రాములకు తగ్గి, త్రాసు దాదాపు ఒక గ్రాము ఎక్కువ చూపుతుంది. నీరు 0 నుంచి 4 డిగ్రీల వరకు సంకోచిస్తుంది గనుక ఆ పరిధిలోని లెక్కలను విడిగా చూడాలి.

తేలే వస్తువుల పద్ధతి వేరు. 2050 కిలోగ్రాముల పడవ వంశధార మీదుగా కళింగపట్నం దగ్గర సముద్రంలో ప్రవేశించిందనుకుందాం. ఉప్పునీటిలో ఉత్ప్లవన బలం ఎక్కువని చాలామంది రాస్తారు, అది తప్పు. తేలుతున్నంతసేపు ఆ బలం ఎక్కడైనా పడవ భారానికి సమానమే, మారేది మునిగిన ఘనపరిమాణం. ఘన మీటరుకు నది నీరు 1000, సముద్రపు నీరు 1025 కిలోగ్రాములైతే, అది 2.05 నుంచి 2.00 ఘన మీటర్లకు తగ్గుతుంది. నీటిమట్టం దగ్గర పడవ అడ్డుకోత వైశాల్యం 10 చదరపు మీటర్లయితే, పడవ పైకి లేచేది అర సెంటీమీటరే. నదిలో మునిగిన గుర్తు వరకు సముద్రంలోనూ మునగాలంటే 2.05ను 1025తో గుణించి, వచ్చిన 2101.25లోంచి 2050 తీసివేయాలి. అప్పుడు అదనంగా ఎక్కించవలసిన బరువు 51.25 కిలోగ్రాములని తేలుతుంది.