ఎనిగ్మాటిక్ స్కేల్: పియానో మీద ఎలా పట్టుకోవాలి

పేరుకు తగ్గట్టే ఇది చిక్కుముడి స్కేల్ (స్వరాల వరుస), 1889లో ఇటలీ స్వరకర్త వెర్డి ఒక కోరస్ రచనకు వాడుకున్నాడు. సి నుంచి మొదలుపెడితే ఆరోహణ (ఫ్లాట్ అంటే ఒక మెట్టు కిందికి, షార్ప్ అంటే ఒక మెట్టు పైకి): సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్ షార్ప్, జి షార్ప్, ఎ షార్ప్, బి, సి.

పేర్లు బట్టీ పట్టకండి, దూరాలు లెక్కపెట్టండి. పియానోలో పక్క మెట్టుకి వెళ్తే 1 అనుకుంటే (తెలుపో నలుపో చూడొద్దు) వరుస 1, 3, 2, 2, 2, 1, 1 వస్తుంది, కూడితే 12. మొదట ఇరుక్కుని, ఒక్కసారిగా గెంతి, మధ్యలో సమానంగా నడిచి, చివర్లో మళ్లీ ఇరుక్కుంటుంది. మామూలు జి లేదు, పైకి వెళ్లేటప్పుడు మామూలు ఎఫ్ కూడా లేదు, అందుకే చెవికి ఇల్లెక్కడో తెలియనట్టు ఉంటుంది, నాకైతే అదే దీని అందం.

కుడిచేతి వేళ్లు (బొటనవేలు 1, చూపుడువేలు 2, అలా వరుసగా): 1 2, మళ్లీ బొటనవేలు ఇ మీద, 2 3 4 నలుపు మెట్ల మీద, బి మీద బొటనవేలు, పై సి మీద 2. డి ఫ్లాట్ తర్వాత బొటనవేలు కిందుగా దూరే చోటే తడబడతారు, ఆ మూడు స్వరాలే విడిగా వాయించండి.

దిగేటప్పుడు మాత్రం ఎఫ్ షార్ప్ బదులు మామూలు ఎఫ్. నేను దీన్ని చాలా రోజులు మర్చిపోయి తప్పే వాయించాను.

ఎడమచేత్తో సి, ఇ, జి షార్ప్ కలిపి నొక్కి ఉంచి పైన స్కేల్ వాయించి చూడండి, ఆ టెన్షన్ వెంటనే తెలుస్తుంది.