కనకాంబరం కంకి వెంట కంకి వేయాలంటే

ముందు ఏ రకం కావాలో తేల్చుకోండి, పెంచే పద్ధతి దాన్నిబట్టే మారుతుంది. మామూలు నారింజ రంగు రకం విత్తనంతో వస్తుంది. ముదురు రంగులో పెద్ద పూలు పూసే ఢిల్లీ కనకాంబరం ట్రిప్లాయిడ్ (రెండు బదులు మూడు వరుసల క్రోమోజోములున్న రకం), దానికి గింజ కట్టదు. కొమ్మ నాటాల్సిందే.

విత్తనాలకైతే గోధుమ రంగుకు తిరిగిన కంకిని వాన పడకముందే కోసేయండి. ఎండిన కాయకు తడి తగిలితే టప్పున పగిలి గింజలు ఎగిరిపోతాయి. మూత ఉన్న డబ్బాలో వేసి నాలుగు చుక్కలు చల్లితే గింజలన్నీ అందులోనే రాలతాయి. పాత గింజలు సరిగ్గా మొలవవు కాబట్టి వెంటనే అర సెంటీమీటరు లోతున విత్తండి.

కొమ్మ నాటేవాళ్లు పువ్వు లేని లేత చివరను 10 సెంటీమీటర్లు, కణుపు కింద కోయాలి. కింది ఆకులు తీసేసి, ఇసుక, కొబ్బరిపొట్టు సమంగా కలిపిన దాంట్లో గుచ్చి నీడన పెడితే 3-4 వారాల్లో వేళ్లు దిగుతాయి.

కుండీ 12 అంగుళాలది చాలు. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు, పైన గుప్పెడు వేపపిండి. వేపపిండి మానేయొద్దు, ఎందుకంటే ఈ మొక్కకు అసలు శత్రువు మట్టిలో ఉండి వేళ్లను పట్టే నులిపురుగులు. మొక్క గిడసబారి, ఆకులు పాలిపోతుంటే ఒక వేరు తవ్వి చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తే అది వాటి పనే. ఆ మట్టిలో మళ్లీ కనకాంబరం పెట్టకండి. నేలలో అయితే అక్కడ కొన్నాళ్లు బంతి వేయండి.

పసుపు రంగంతా ఒకటే జబ్బు కాదు. లేత ఆకులు పసుపై, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదన్నమాట. ఉప్పు బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, పదిరోజులకు మరోసారి. నీళ్లు పోసినా మొక్క ఉన్నట్టుండి వాడిపోతే మాత్రం అది ఎండు తెగులు కావచ్చు. మందు కోసం వెతక్కుండా పీకి పారేయడమే మేలు, పక్క మొక్కలైనా దక్కుతాయి. కుండీ అడుగున నీరు నిలిచే చోటే ఇది ఎక్కువ.

పూలు కంకి కింది నుంచి పైకి విచ్చుకుంటూ వెళ్తాయి. రోజు విడిచి రోజు, పొద్దున్నే, విచ్చిన పువ్వు గొట్టాన్ని మాత్రమే మెల్లగా లాగండి. కంకి మీది పచ్చ రేకులు చిరిగితే పై మొగ్గలు పాడవుతాయి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, పూత తగ్గేదీ ఇక్కడే. పూలైపోయిన కంకిని వదిలేస్తే మొక్క బలమంతా గింజకు పోతుంది. కంకి కాడ కింద ఉన్న మొదటి ఆకుల జత వరకూ కత్తిరించండి, ఆ రెండు ఆకుల మొదళ్ల నుంచి కొత్త చిగుళ్లు లేచి మళ్లీ కంకులు వేస్తాయి. నెలకోసారి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు ఇవ్వండి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ దీనికి బాగా నప్పుతాయి.

ఏడాది దాటి కొమ్మలు ముదిరి, మొదలు బోసిపోతే తొలకరిలో సగానికి కొట్టేయండి. రెండు మూడేళ్ల తర్వాత పూత ఎలాగూ పలచబడుతుంది, ఈలోగా కొత్త కొమ్మలు నాటి ఉంచుకోండి. చలి దేశాల్లో పెంచే మనవాళ్లు దీన్ని కుండీలోనే ఉంచి, మంచు పడకముందే ఎండ తగిలే కిటికీ దగ్గరికి చేర్చి, నీళ్లు బాగా తగ్గించాలి.