పసిబిడ్డ చేతిముక్కలు – నాలుగో పాఠం: చిన్నగా తరగడమే చిక్కు

ఈ పాఠంలో గుడ్డు, చేప, పప్పుల గురించి చెబుతానని మూడో పాఠం చివర రాశాను. వాటికి ఈసారి కొంచెం చోటే మిగిలింది. కిందటి పాఠం చదివి, ఉడికించిన క్యారెట్‌ను, తియ్య గుమ్మడిని ఆరు నెలలు దాటిన బిడ్డ తానే చేత్తో పట్టుకుని తినేలా వేలంత ముక్కలుగా ముందు పెట్టినవారిలో చాలామంది ఒకే చోట ఆగిపోయారు. బిడ్డ ముక్కను నోట్లో పెట్టుకుంది, కాసేపు చప్పరించింది, అంతలో ముఖం ఎర్రబడి, కళ్ళ వెంట నీళ్ళు వచ్చి, నాలుక బయటపెట్టి డోకింది. ఇంట్లో ఉన్నవారంతా పరుగెత్తుకొచ్చారు. ఆ పూటతో ముక్కలు మానేసి మళ్ళీ మిక్సీ గుజ్జుకు వెళ్ళినవారు కొందరు, భయపడి ముక్కలను శనగగింజంత చేసినవారు మరికొందరు. మొదటివారికి పోయింది ఒక వారమే. రెండవవారు జాగ్రత్త పడుతున్నామనుకుంటూ అసలు ప్రమాదానికి దగ్గరయ్యారు. అందుకే పాఠమంతా ఇక్కడే నిలబడింది.

ముందు డోకు సంగతి. పెద్దవారికి డోకు పుట్టించే చోటు నాలుక వెనుక భాగంలో ఉంటుంది. ఆరు నెలల బిడ్డకు అది బాగా ముందుకు, నాలుక మధ్యభాగానికి దగ్గరగా ఉంటుంది. ముక్క గొంతు దాకా రాకముందే నాలుక దాన్ని బయటికి నెట్టేస్తుంది. చూడటానికి భయంగా ఉన్నా, బిడ్డను కాపాడేది అదే. ముక్కలను నోట్లో తిప్పడం అలవాటయ్యేకొద్దీ ఆ చోటు వెనక్కు జరుగుతుంది, తొమ్మిది పది నెలలకు డోకులు బాగా తగ్గిపోతాయి. డోకుకు భయపడి పది నెలలు దాటేదాకా గుజ్జుతోనే గడిపితే, ఆ తరువాత ముక్కలు ఒప్పించడం ఎంత కష్టమో ఏడాదిన్నర పిల్లలకు ఇప్పటికీ అన్నం మిక్సీలో వేసి పెడుతున్న తల్లులను అడిగితే చెబుతారు.

గొంతుకడ్డం పడటం వేరు. ఈ రెంటినీ విడదీసే గుర్తు చప్పుడు. డోకేటప్పుడు, దగ్గేటప్పుడు, ఏడ్చేటప్పుడు బిడ్డ నోటి నుంచి చప్పుడు వస్తుంది, అంటే గాలి ఆడుతున్నట్టే. అప్పుడు మీరు చేయవలసింది ఏమీ లేదు: బిడ్డ కాస్త ముందుకు వంగి కూర్చునేలా చూసి, ముఖంలో కంగారు కనబడనీయకుండా, పక్కనే కనిపెట్టి ఉండాలి. బిడ్డ నోరు తెరిచినా చప్పుడు రాకపోతే, దగ్గలేక, ఏడవలేక పెదవులూ చిగుళ్ళూ నీలంగా మారుతుంటే అది గొంతుకడ్డం. మన ఇళ్ళలో ఈ రెండు సందర్భాలకూ ఒకే మందు వేస్తారు: పొలమారిందని మాడు మీద తట్టడం, గబగబా నీళ్ళు పట్టడం, నోట్లో వేలు పెట్టి కెలకడం. మాడు తట్టడం వల్ల నష్టమూ లేదు, లాభమూ లేదు. నీళ్ళు పట్టకూడదు. కనబడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టడం వీటన్నిటికంటే చెడ్డది, బయటికి రాబోయే ముక్కను ఆ వేలే లోపలికి తోస్తుంది.

నిజంగా గొంతుకడ్డం పడితే, ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల ఛాతీ కంటే కిందికి ఉండేలా, దవడను పట్టుకుని, గొంతు నొక్కుకుపోకుండా చూస్తూ, రెండు భుజపు ఎముకల మధ్య అరచేతి మడమతో, అంటే మణికట్టుకు ఆనుకున్న గట్టి భాగంతో, గట్టిగా ఐదు దెబ్బలు వేయాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద, చనుమొనలను కలిపే గీతకు కాస్త కిందుగా ఐదు సార్లు నొక్కాలి. ముక్క బయటపడేదాకా ఈ రెండూ ఒకదాని తరువాత ఒకటి చేస్తూనే ఉండాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే 108 వారు ఫోన్‌లో చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఏడాది లోపు పిల్లలకు కడుపు మీద నొక్కే పద్ధతి పనికిరాదు, లోపలి అవయవాలు దెబ్బతింటాయి. చదివితే చేతికి రాదు కనుక దీన్ని చివర సాధనలో కూడా పెట్టాను.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయానికి వస్తాను. 'చిన్న బిడ్డ కాబట్టి చిన్న ముక్క' అనే లెక్క ఎంత సహజంగా తోస్తుందో అంత తప్పు. ఆరేడు నెలల బిడ్డ బొటనవేలు, చూపుడువేలు కలిపి ఎత్తలేదు. అరచేతితో పిడికిలి బిగించి పట్టుకుంటుంది. పిడికిలిలో పట్టినది పిడికిలి లోపలే ఉండిపోతుంది, కాబట్టి బిడ్డ తినగలిగేది పిడికిలి పైకి పొడుచుకు వచ్చిన భాగాన్నే. శనగగింజంత ముక్క ఇస్తే అది అరచేతిలో మాయమవుతుంది, బిడ్డ ఏడుస్తుంది. అప్పుడు అమ్మమ్మో నాయనమ్మో జాలిపడి ఆ ముక్కను తానే తీసి బిడ్డ నోట్లో పెడుతుంది. బిడ్డ తానుగా ముక్కను నోటి దగ్గరికి తెచ్చుకున్నప్పుడు ముందు పెదవికి, తరువాత చిగురుకు తగిలించి, ఎంత కొరకాలో చూసుకుంటుంది. పెద్దల వేళ్ళు పెట్టిన ముక్క ఆ మెట్లేవీ లేకుండా నేరుగా నాలుక వెనక్కు చేరుతుంది. దాంతో డోకు ఎక్కువవుతుంది. డోకు చూసి ఇంకా చిన్నగా తరుగుతారు. ఇంకా చిన్న ముక్కను బిడ్డ అసలే పట్టుకోలేదు, పెట్టే చేయి మళ్ళీ పెద్దలదే అవుతుంది. ఒక ఇంట్లో వారం రోజులుగా బిడ్డకు ముక్కలు 'పడటం లేదు' అంటే నేను మొదట అడిగేది ముక్క ఎవరి చేతిలో నుంచి నోట్లోకి వెళ్ళింది అనే.

చిన్న ముక్కల్లోనూ గుండ్రటివి మరీ ప్రమాదం. క్యారెట్‌ను బిళ్ళలుగా తరగడం మన చేతికి అలవాటైన పని, సాంబారుకు అలాగే తరుగుతాం. బిళ్ళ గానీ, గింజ గానీ, ద్రాక్షపండు గానీ గుండ్రంగా, నునుపుగా ఉండటం వల్ల గాలిగొట్టానికి సరిగ్గా మూతలా అమరుతుంది, చుట్టూ గాలి దూరే సందు మిగలదు. పొడుగాటి మెత్తని ముక్క నోట్లో విరిగినా అంచులు అంచులుగా, నలిగిపోయేదిగా ఉంటుంది. కాబట్టి చూడవలసినవి మూడు: మెత్తదనం, ఆకారం, పట్టుకునే చేయి. పరిమాణం వీటి తరువాతి మాట.

మెత్తదనానికి పరీక్ష: ముక్కను బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి నొక్కితే పెద్దగా బలం లేకుండా నలగాలి. బిడ్డ చిగుళ్ళు అంతమాత్రమే నలపగలవు. నేను ప్రెషర్ కుక్కర్ వాడను. ఒక విజిల్ ఎక్కువైతే గుమ్మడి గుజ్జవుతుంది, ఒకటి తక్కువైతే క్యారెట్ గట్టిగా మిగులుతుంది. ఇడ్లీలు వేసేటప్పుడు పై రేకులో పిండి పోయకుండా పెద్దవారి చూపుడువేలంత పొడుగు, దాదాపు అంతే లావు ఉన్న కూరగాయ ముక్కలు పరుస్తాను. గుమ్మడి ఇడ్లీలతో పాటే ఉడుకుతుంది, చిలగడదుంప, క్యారెట్ మాత్రం ఇడ్లీలు దించాక కూడా కాసేపు ఆవిరిలోనే ఉండాలి.

అరటిపండు జారిపోతోందని చాలామంది బాధ. దానికి రెండు దారులు. పండును బాగా కడిగి, కింది సగం తొక్క అలాగే ఉంచి పై సగం తీస్తే, తొక్క పట్టుకునే పిడి అవుతుంది. లేదంటే తొక్క అంతా తీసి, పండు కొనలో వేలు మెల్లగా గుచ్చి నొక్కితే అది తనంత తానే నిలువునా మూడు చీలికలవుతుంది. ఆ చీలికల లోపలి వైపు కాస్త గరుకుగా ఉండి బిడ్డ చేతికి నిలుస్తుంది. కత్తితో కోసిన చక్రాలకంటే ఇవి అన్ని విధాలా మేలు. మిగతావి పెద్దగా చెప్పనక్కరలేదు: ఇడ్లీని నిలువు ముక్కలుగా చేయవచ్చు, బాగా పండిన బొప్పాయి, మామిడి పొడుగు ముక్కలుగా ఇవ్వవచ్చు.

తొమ్మిదో నెల అటూ ఇటూగా బిడ్డ నేల మీద పడిన వెంట్రుకను కూడా రెండు వేళ్ళతో ఎత్తి నోట్లో పెట్టుకోవడం మొదలుపెడుతుంది. చిన్న ముక్కలకు సమయం అదే, అంతకు ముందు కాదు. అప్పుడు కూడా ఉడికించిన శనగలు, బఠాణీలు వేళ్ళతో చిదిమి, ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేసి ఇవ్వాలి. పల్లీలు, జీడిపప్పు, పేలాలు, పచ్చి కొబ్బరి ముక్క, పచ్చి యాపిల్, పచ్చి క్యారెట్ ఈ దశలో వద్దు. పల్లీల వంటి గట్టి గింజలను నాలుగైదేళ్ళు వచ్చేదాకా పొడిగా, పేస్టుగా కలిపి పెట్టడమే తప్ప గింజగా చేతికి ఇవ్వకూడదు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు, అందులో ఉండగల ఒక రకం బాక్టీరియా వల్ల శిశువుల నరాలు, కండరాలు పట్టు తప్పే జబ్బు వస్తుంది.

కూర్చునే తీరు గురించి ఒక్క మాట. ఉగ్గు పట్టినట్టు కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి ముక్కలు పెట్టకూడదు. బిడ్డ నిటారుగా కూర్చోగలిగితేనే ముక్క.

గుడ్డు, చేపల విషయానికి వస్తే, ఆరు నెలల తరువాత తల్లిపాలలో దొరికే ఇనుము బిడ్డకు చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు 6–23 నెలల పిల్లలకు గుడ్డో, మాంసమో, చేపో రోజూ ఉండాలంటాయి. పూర్తిగా ఉడికిన ఆమ్లెట్‌ను ఉప్పు, కారం లేకుండా పట్టీలుగా కోసి ఇస్తే చాలు. చేప అయితే ముళ్ళు కంటితో కాక వేళ్ళతో తడిమి తీయాలి. శాకాహారులు పెసరట్టును మెత్తగా, మందంగా పోసి నిలువు ముక్కలు చేసి, నిమ్మరసం చుక్క వేసిన పప్పులో అద్ది ఇవ్వవచ్చు. నిమ్మ వల్ల పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కొత్త పదార్థం ఏదైనా పగటి పూటే మొదలుపెట్టండి. మిగతాది వచ్చే పాఠంలో.

మూడో పాఠం తరువాత మరో కంగారు లంగోటాల దగ్గర వచ్చింది. బీట్‌రూట్ తిన్న బిడ్డ మలం, మూత్రం ఎర్రగా రావచ్చు. అరటిపండు తిన్నాక మలంలో సన్నని నల్లటి దారాలు కనబడతాయి, అవి పురుగులు కావు. క్యారెట్ తునకలు వచ్చినట్టే వస్తాయి. ఇవేవీ అజీర్తి కాదు.

ఈసారి సాధన ఎక్కువే ఉంది, తగ్గించను. బిడ్డకు తినిపించే ప్రతి ఒక్కరూ, తాతయ్యతో సహా, ఒక బొమ్మను గానీ చుట్టిన తువ్వాలును గానీ ముంజేతి మీద బోర్లా పెట్టి వీపు మీద ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు మీ ముందు చేసి చూపాలి. పుస్తకం చూడకుండా చేయగలిగేదాకా రోజూ చేయించండి. చేయలేనివారు ఆ వారం కూరగాయ ముక్కలు పెట్టే బాధ్యత తీసుకోకూడదు. తరువాత వరుసగా ఏడు రోజులు ఒకే ఒక కూరగాయను వేలంత ముక్కలుగా, రోజుకు ఒక పూట, మీరు చేయి వేయకుండా బిడ్డ ముందు పెట్టండి. ఎంత తిన్నదీ రాయవద్దు. ఎన్నిసార్లు డోకింది, ప్రతిసారీ చప్పుడు వచ్చిందా, ముక్క ఎవరి చేతిలో నుంచి నోట్లోకి వెళ్ళింది అనే మూడు మాత్రమే రోజూ రాసుకోండి. మూడో దానికి జవాబు ఏడు రోజులూ 'బిడ్డ చేతిలో నుంచి' అని వచ్చాకే అయిదో పాఠం తెరవండి.