గ్నూ రేడియోలో ఎఫ్ఎం రిసీవర్: బ్లాకుల మధ్య శాంపిళ్ల లెక్క సరిచూసుకోవడం ఎలా?

గ్నూ రేడియో అంటే సాఫ్ట్‌వేర్ బ్లాకులను తీగలతో కలిపి రేడియోను తయారుచేసుకునే ప్రోగ్రామ్. యూఎస్‌బీ రేడియో రిసీవర్ అయిన డాంగిల్ నుంచి కంప్యూటర్‌లోకి సెకనుకు 24 లక్షల శాంపిళ్లు, అంటే సిగ్నల్ కొలతలు, వస్తాయి. సౌండ్ కార్డుకు కావలసినవి 48,000 మాత్రమే. ఈ రెండింటి మధ్య ఏ బ్లాకు దగ్గర ఎంత తగ్గించాలో ముందుగా కాగితం మీద లెక్క వేసుకున్న తరువాతే బ్లాకులను తెరపై జోడించే గ్నూ రేడియో కంపానియన్ తెరవడం మంచిది. ఉదాహరణకు హైదరాబాద్ ఎఫ్ఎం రెయిన్‌బోను, అంటే 101.9 మెగాహెర్ట్జ్‌ను తీసుకుందాం.

మొదట డాంగిల్ శాంపిళ్లను అందించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ సోర్స్ బ్లాకును పెట్టి, శాంపిల్ రేటు 24,00,000 అని, ఫ్రీక్వెన్సీ 101.9 మెగాహెర్ట్జ్ అని ఇవ్వండి. దీని నుంచి వెలువడే ప్రతి శాంపిల్‌ ఐ, క్యూ అనే రెండు భాగాలున్న కాంప్లెక్స్ సంఖ్య. ఒక్కో భాగానికి 4 బైట్ల చొప్పున శాంపిల్‌కు 8 బైట్లు పడతాయి కాబట్టి, ఈ మొదటి తీగలో సెకనుకు 1 కోటి 92 లక్షల బైట్లు ప్రవహిస్తాయి.

తరువాత లో పాస్ ఫిల్టర్‌ను కలిపి డెసిమేషన్ (రేటును ఎన్నో వంతుకు తగ్గించాలో చెప్పే సంఖ్య) 5 అని, కటాఫ్ (దాటనివ్వని ఫ్రీక్వెన్సీ హద్దు) 100 కిలోహెర్ట్జ్ అని ఇస్తే, పక్క స్టేషన్లు తొలగిపోయి రేటు 4,80,000కు దిగుతుంది. ఆపై ఎఫ్ఎం సిగ్నల్ నుంచి ధ్వనిని వెలికితీసే డబ్ల్యూబీఎఫ్ఎం రిసీవ్ బ్లాకులో క్వాడ్రేచర్ రేటు (లోపలికి వచ్చే రేటు) 4,80,000, ఆడియో డెసిమేషన్ 10 అని ఇచ్చి, దాన్ని సౌండ్ కార్డుకు శాంపిళ్లు పంపే, 48,000 రేటున్న ఆడియో సింక్‌కు కలపండి. ఈ బ్లాకు ఇన్‌పుట్ పోర్టు నీలం, అవుట్‌పుట్ పోర్టు నారింజ రంగులో ఉండటాన్ని గమనించండి: కాంప్లెక్స్ సంఖ్యలు లోపలికి వెళ్లి మామూలు ఫ్లోట్ (దశాంశ) సంఖ్యలుగా బయటికి వస్తున్నాయి. రకం కలవని పోర్టులను జోడిస్తే తీగ ఎర్రబడుతుంది. రేటు కలవకపోతే మాత్రం ఏ హెచ్చరికా రాదు, అసలు చిక్కంతా అక్కడే.

నేను ఒకసారి సోర్స్ రేటును 20,48,000కు మార్చి, మిగతావాటిని అలాగే వదిలేశాను. నడపడానికి ఎఫ్6 నొక్కగానే వార్తలు చదువుతున్న గొంతు సన్నబడి ముక్కలు ముక్కలుగా వినిపించింది. కింది కన్సోల్‌లో ‘ఏయూ, ఏయూ’ అనే అక్షరాలు వరుసకట్టాయి. అది ఆడియో అండర్‌రన్, అంటే సౌండ్ కార్డుకు శాంపిళ్లు చాలకపోవడానికి గుర్తు. 20,48,000ను 5తోనూ, మళ్లీ 10తోనూ భాగిస్తే 40,960; అంటే సౌండ్ కార్డుకు ప్రతి సెకనుకూ 7,040 శాంపిళ్లు తక్కువ పడుతున్నాయన్నమాట.

తీగలా కనిపించేది నిజానికి మెమరీలోని ఒక వలయాకార బఫర్, అంటే శాంపిళ్లు తాత్కాలికంగా నిలిచే చోటు. ప్రతి అవుట్‌పుట్ పోర్టుకు ఒక బఫర్ ఉంటుంది. అందులో రాసేది ఆ ఒక్క బ్లాకే, చదివేవి ఎన్నైనా ఉండవచ్చు. అందుకే అదే అవుట్‌పుట్‌కు స్పెక్ట్రమ్ తెరను కూడా తగిలిస్తే డేటాకు రెండో నకలు తయారు కాదు, కానీ అందరికంటే నెమ్మదిగా చదివే బ్లాకు ముందుకు జరిగేదాకా ఆ చోటు ఖాళీ కాదు. ప్రతి బ్లాకు తన సొంత థ్రెడ్‌లో (మిగతావాటితో పాటు విడిగా నడిచే పనిలో) నడుస్తుంది; ఇన్‌పుట్‌లో ఎన్ని ఉన్నాయో, అవుట్‌పుట్‌లో ఎంత చోటుందో చూసి, బ్లాకుల పనిని నడిపించే షెడ్యూలర్ దాన్ని పిలుస్తుంది, బ్లాకు తాను ఎన్ని తయారుచేసిందో తిరిగి చెబుతుంది. చోటు లేకపోతే వెనుక బ్లాకు ఆగుతుంది, దాని వెనుకది కూడా ఆగుతుంది. ఈ ఆగడం డాంగిల్ దాకా పాకితే, అది ఆగలేదు కనుక శాంపిళ్లు జారిపోయి కన్సోల్‌లో ‘ఓ’ అక్షరం కనిపిస్తుంది.

డాంగిల్, సౌండ్ కార్డు రెండూ లేకుండా, కృత్రిమ సిగ్నల్ తయారుచేసే సిగ్నల్ సోర్స్‌తో ప్రయోగాలు చేసేటప్పుడు వేగాన్ని పట్టి ఉంచే గడియారమే ఉండదు, ప్రాసెసర్ శక్తినంతా ఆ గ్రాఫే (బ్లాకులు, తీగల అమరికే) తినేస్తుంది. అప్పుడు వేగాన్ని అదుపుచేసే థ్రాటిల్ బ్లాకును ఒక్కటే ఒకటి పెట్టాలి. పరికరం ఉన్న గ్రాఫ్‌లో దాన్ని పెట్టకూడదు.

అన్నీ సరిగ్గా ఉన్నా చాలాసేపటికి ఒకసారి ‘ఏయూ’ కనిపిస్తే కంగారుపడనక్కరలేదు. డాంగిల్ గడియారం, సౌండ్ కార్డు గడియారం వేర్వేరు కాబట్టి, వాటి 48,000లు అచ్చంగా ఒకటి కావు.